నెట్ కావాలా, మాట చాలా? ఇంట్లో ఒక్కొక్కరికి తగిన ఫోను ప్లాన్ ఎంచుకునే పద్ధతి

హనుమకొండలో మా వీధి చివర రీఛార్జ్ దుకాణానికి ఎవరు వెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "రోజుకు ఒకటిన్నర జీబీనా, రెండు జీబీలా?" అసలు నెట్ కావాలా అని ఎవరూ అడగరు. మనమూ చెప్పం. నర్సంపేట దగ్గర పల్లెలో ఉండే మా అత్తమ్మ కీప్యాడ్ ఫోనుకు రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేయిస్తూ వచ్చింది నేనే. ఆ ఫోనులో నెట్ తెరిచే మీట ఎక్కడుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ తప్పు దిద్దుకున్న సంగతి నలుగురికీ చెప్పాక బంధువులు, ఇరుగుపొరుగు వరసగా అడగడం మొదలుపెట్టారు. అందరికీ చెప్పిన క్రమమే ఇది. కింద రాసిన ధరలు 2025లో ఉన్నవి. మీరు రీఛార్జ్ చేసే రోజు ఉన్న ధర పెట్టుకుని ఇదే లెక్క వేయండి.

## 1. ముందు ఒక కాగితం తీయండి

ఇంట్లో ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చాలామందికి సరిగా తెలియదు. పాత ఫోనులో ఒకటి, బీరువాలో ఒకటి, పొలంలో మోటారు స్టార్టర్ డబ్బాలో ఒకటి ఉంటాయి. ఒక్కో సిమ్‌కు ఒక్కో వరస రాయండి:

□ నంబరు, ఏ కంపెనీ
□ ఎవరి పేరు మీద ఉంది
□ ఏ ఫోనులో ఉంది: కీప్యాడ్ ఫోనా, స్మార్ట్‌ఫోనా, 5జీ ఫోనా
□ గడువు ముగిసే తేదీ
□ దానికి ముడిపడ్డవి: బ్యాంకు, ఆధార్, గ్యాస్, భూమి పత్రాలు, పిల్లల బడి

చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. అక్కడ ఏమీ లేని సిమ్‌ను వదిలేయవచ్చు. ఆధార్, బ్యాంకు ఉన్న సిమ్ మాత్రం పెట్టెలో పడి ఉన్నా దాన్ని బతికించుకోవాల్సిందే.

పేరు సంగతి తేలకపోతే కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ నంబరు, ఓటీపీ ఇచ్చి మీ పేరు మీద ఉన్న కనెక్షన్లన్నీ చూడవచ్చు. మన రాష్ట్రంలో ఒకరి పేరు మీద తొమ్మిది దాకా ఉండవచ్చు. మీకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి.

## 2. వాడకం ఎంతో ఫోనునే అడగండి

"నాకు నెట్ చాలా కావాలి" అనే మాటను నేను నమ్మను. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలోకి వెళితే డేటా వాడకం కనిపిస్తుంది. అందులో మొబైల్ డేటా వేరు, వైఫై వేరు. మీకు కావలసింది మొబైల్ డేటా అంకె, అదీ పూర్తి నెలది. పండగ ఉన్న నెల, ఆసుపత్రిలో గడిపిన నెల లెక్కలోకి తీసుకోకండి.

రమారమి కొలతలు: వాట్సాప్ మాటల కాల్ గంటకు 30 ఎంబీ అటూ ఇటూ. వీడియో 480 నాణ్యతలో చూస్తే గంటకు అర జీబీ, 720లో చూస్తే ఒక జీబీ దాటుతుంది. యూపీఐ చెల్లింపులకు అయ్యేది లెక్కలోకే రాదు. నెట్ తినేది వీడియోలే. వీడియో నాణ్యత ఒక మెట్టు దించితే చాలామందికి కింది ప్లాన్ సరిపోతుంది.

నెల అంకెను బట్టి మనిషిని ఒక గుంపులో వేయండి:

- సున్నా, లేదా ఇంట్లో వైఫై మీదే అంతా: మాటల ప్యాక్ (నెట్ లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే)
- రెండు మూడు జీబీల లోపు: నెల మొత్తానికి కలిపి డేటా ఇచ్చే చిన్న ప్యాక్
- ఆపై 40 జీబీల దాకా: రోజుకు ఒకటిన్నర జీబీ
- అంతకు మించితే: రోజుకు రెండు జీబీలు, లేదా ఇంటికి వైఫై

రోజువారీ ప్యాక్‌లో ఒక మెలిక ఉంది. ఈ రోజు మిగిలిన డేటా రేపటికి రాదు. గోదావరిఖనిలో మా దగ్గరి బంధువు ఒకరు బొగ్గు గనిలో పని చేస్తారు. గనిలోకి దిగే షిఫ్టులో ఫోను వెంట ఉండదు, వచ్చాక నిద్ర. వారంలో ఆరు రోజులు ఆయన రెండు జీబీలు అలాగే మురిగిపోయేవి. ఆదివారం మాత్రం మధ్యాహ్నానికే అయిపోయి నెట్ నత్తనడక నడిచేది. ఇలాంటివారికి నెల మొత్తానికి ఒకే లెక్కగా ఇచ్చే డేటా మేలు.

## 3. మీ ఇంట్లో, మీ పొలంలో సిగ్నల్ చూడండి

ధర కంటే ముందు చూడాల్సింది ఇదే. పది రూపాయలు తక్కువ అని తీసుకున్న సిమ్ వంటింట్లో పలకకపోతే దండగ.

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పట్టణాల్లో ఏ కంపెనీ అయినా వీధిలో బాగానే పలుకుతుంది. తేడా నాలుగు గోడల మధ్య, స్లాబు కింద, మధ్య గదిలో తెలుస్తుంది. ఏటూరునాగారం, తాడ్వాయి, ఉట్నూరు వంటి అడవి ప్రాంతాల సంగతి వేరు. ఒక గుట్ట అడ్డం వస్తే చాలు, పక్క ఊరిలో నాలుగు గీతలు చూపించిన కంపెనీ ఇక్కడ ఒక్క గీతా చూపదు. కొన్ని గూడేల్లో బీఎస్ఎన్ఎల్ టవర్ ఒక్కటే దిక్కు.

పరీక్ష ఇలా చేయండి:

1. ఫోను కంపెనీలను నియంత్రించే ట్రాయ్ ఆదేశం మేరకు కంపెనీలు తమ వెబ్‌సైట్లలో సిగ్నల్ పటాలు పెట్టాయి. ముందు అవి చూసి, మీ ఊరే లేని కంపెనీని కొట్టేయండి. ఊరు ఉన్నంత మాత్రాన నమ్మేయవద్దు.
2. ఆ కంపెనీ సిమ్ ఉన్న చుట్టాన్నో పక్కింటివారినో ఇంటికి పిలవండి. వంటిల్లు, మధ్య గది, పొలంలో మోటారు దగ్గర, ఈ మూడు చోట్ల నుంచి ఫోను చేయించండి. గీతలు లెక్కపెట్టడం కాదు, రెండు నిమిషాలు మాట్లాడి చూడాలి.
3. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య మళ్లీ చూడండి. అందరూ వీడియోలు చూసే సమయం అది.
4. కరెంటు పోయినప్పుడు ఒకసారి చూడండి. కొన్ని టవర్లు కరెంటు పోయిన కాసేపటికే మూగబోతాయి.

మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి వైపు సిగ్నల్ చూసి ఏ కంపెనీనీ మెచ్చుకోవద్దు, తిట్టవద్దు. అప్పుడు తాత్కాలిక టవర్లూ వస్తాయి, లక్షల జనమూ వస్తారు.

ఇంట్లో వైఫై ఉండి సిగ్నల్ మాత్రం అందకపోతే కంపెనీ మార్చే ముందు ఫోను సెట్టింగ్స్‌లో "వైఫై కాలింగ్" ఆన్ చేసి చూడండి. జియో, ఎయిర్‌టెల్ సిమ్‌లలో చాలా ఫోన్లకు పని చేస్తుంది, విడిగా రుసుము లేదు.

## 4. ఫోనుకు, సిమ్‌కు పొసగాలి

జియోకు 2జీ లేదు. పాత కీప్యాడ్ ఫోనులో ఆ సిమ్ పని చేయదు, 4జీ ఫోనే ఉండాలి. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌కు 2జీ ఇంకా ఉంది.

రైతులు ఎక్కువగా మోసపోయేది ఫోనుతో మోటారును ఆన్ చేసే మొబైల్ స్టార్టర్ డబ్బా దగ్గర. డబ్బా 2జీది, తెచ్చింది 4జీ మాత్రమే నడిచే సిమ్. మోటారు ఎందుకు ఆన్ కావడం లేదో తెలియక మెకానిక్‌కు కూలీ ఇచ్చినవారు మా పక్క ఊళ్లోనే ఉన్నారు. డబ్బా కొన్నప్పుడు ఇచ్చిన కాగితం మీద 2జీనా 4జీనా చూడండి. కాల్, ఎస్సెమ్మెస్‌తో నడిచే స్టార్టర్‌కు నెట్ అవసరం లేదు, మాటల ప్యాక్ చాలు. యాప్‌తో నెట్ మీద నడిచే డబ్బా అయితే మాత్రం కొద్దిగా డేటా కావాలి.

బీఎస్ఎన్ఎల్ 4జీకి మారేవారు తమ ఫోను 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28, అందుకుంటుందో లేదో చూసుకోవాలి. లేకపోతే టవర్ దగ్గరున్నా 4జీ సరిగా అందకపోవచ్చు.

5జీ కోసం అదనంగా పెట్టాలా? ఫోను 5జీది కావాలి, మీ వీధిలో 5జీ ఉండాలి, ప్లాన్ కూడా అందుకు అర్హమైనది కావాలి. 2024 జూలైలో ధరలు పెంచాక జియో, ఎయిర్‌టెల్ హద్దు లేని 5జీని ప్రధానంగా రోజుకు రెండు జీబీలు, ఆపై ప్లాన్లకే ఇచ్చాయి. మూడింటిలో ఒక్కటి లేకపోయినా ఆ అదనం వృథా.

## 5. నెల ధర కాదు, రోజు ధర లెక్కించండి

ప్యాక్ ధరను రోజుల సంఖ్యతో భాగించండి. కంపెనీలు "నెల" అని పిలిచేది చాలావరకు 28 రోజులే. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జ్‌లు పడతాయి.

2025లో ఉన్న కొన్ని ప్యాక్‌లతో లెక్క:

- జియో రోజుకు 2 జీబీలు, 28 రోజులు, రూ.349: రోజుకు రూ.12.46
- జియో రోజుకు 1.5 జీబీ, 28 రోజులు, రూ.299: రోజుకు రూ.10.68
- అదే 1.5 జీబీ, 84 రోజులు, రూ.799: రోజుకు రూ.9.51
- జియో మొత్తం 2 జీబీలు, 28 రోజులు, రూ.189: రోజుకు రూ.6.75
- ఎయిర్‌టెల్ మొత్తం 2 జీబీలు, 28 రోజులు, రూ.199: రోజుకు రూ.7.11
- జియో మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే, 84 రోజులు, రూ.448: రోజుకు రూ.5.33
- ఎయిర్‌టెల్ మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే, 365 రోజులు, రూ.1,849: రోజుకు రూ.5.07

నెట్ వాడని పెద్దవారికి రూ.299 ప్యాక్ పదమూడుసార్లు వేస్తే ఏడాదికి రూ.3,887. మాటల ప్యాక్‌తో రెండు వేల లోపు సరిపోతుంది.

జీతం పడే తేదీకి రీఛార్జ్ కలిసి రావాలంటే 30 రోజుల ప్యాక్, లేదా ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్యాక్ అడగండి. ఇవి కనీసం ఒక్కొక్కటైనా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది.

పోస్ట్‌పెయిడ్ ధర చూసేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలుపుకోండి. ప్రీపెయిడ్ ధరలో అది ముందే కలిసి ఉంటుంది.

ఇంట్లో నలుగురూ రూ.299 ప్యాక్ వేస్తుంటే ఏడాదికి రూ.15,548. దాని బదులు నెలకు రూ.399 వైఫై కనెక్షన్ పన్నుతో ఏడాదికి సుమారు రూ.5,650, నలుగురికీ మాటల ప్యాక్‌లు మరో రూ.7,600. రెండు వేల పైచిలుకు మిగులుతుంది, పిల్లల చదువుకు నెట్‌కు కొదవ ఉండదు. కానీ నలుగురూ పొద్దంతా బయట తిరిగేవారైతే ఈ ఉపాయం పనికిరాదు. బయట అవసరమైన ఇద్దరికి చిన్న డేటా ప్యాక్ వేస్తే మిగిలేది వెయ్యి చిల్లరే. వీధిలోకి ఫైబర్ తీగ వచ్చిందో లేదో కూడా ముందే చూసుకోండి.

## 6. మాటల ప్యాక్ తీసుకునే ముందు అడగాల్సినవి

నెట్ లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరిగా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అలాంటి ప్యాక్‌ల గరిష్ఠ గడువును 90 నుంచి 365 రోజులకు పెంచింది కూడా. 2025 జనవరి నుంచి కంపెనీలు ఇస్తున్నాయి. అయితే యాప్ తెరవగానే ఎదురుగా కనిపించవు. అట్టడుగున ఉంటాయి, లేదా విడి శీర్షిక కింద ఉంటాయి. దుకాణంలో "నెట్ లేని మాటల ప్యాక్" అని పేరు పెట్టి అడగాలి. లేదన్నా వెనక్కి రావద్దు. ట్రాయ్ వారి ధరల వెబ్‌సైటులో అన్ని కంపెనీల ప్లాన్లు పక్కపక్కన చూడవచ్చు.

తీసుకునే ముందు ఇవి తేల్చుకోండి:

□ అత్యవసరమైతే ఈ ప్యాక్ మీద విడిగా డేటా వేసుకోవచ్చా? అన్ని చోట్లా కుదురుతుందని అనుకోవద్దు. మధ్యలో చిక్కుకోవడం ఇక్కడే.
□ ఎస్సెమ్మెస్‌లు ఎన్ని?
□ ఇప్పుడున్న ప్లాన్ మిగిలి ఉండగా వేస్తే కొత్తది వరసలో ఆగుతుందా, పాతదాన్ని తినేస్తుందా?

ఓటీపీలు రావడానికి నెట్ అవసరం లేదు. కానీ యూపీఐ యాప్‌ను కొత్తగా నమోదు చేసేటప్పుడు ఫోను నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళుతుంది. ఆ సౌకర్యం లేని ప్యాక్ వేస్తే నమోదు ఆగిపోతుంది, తప్పు బ్యాంకుదని మనం తిట్టుకుంటాం. కీప్యాడ్ ఫోనువారు నెట్ లేకుండానే \*99# ద్వారా, యూపీఐ 123పే ద్వారా డబ్బు పంపవచ్చు.

స్మార్ట్‌ఫోనులో మాటల ప్యాక్ వేస్తే మొబైల్ డేటా మీట ఆపి ఉంచండి. ఖాతాలో టాక్‌టైమ్ ఉంటే దాన్ని నెట్ మెల్లగా కొరికేసే ప్రమాదం ఉంది. పెద్దవారు తెలియక నొక్కుతారని భయమైతే ఇంగ్లిషులో స్టాప్ అని 1925కు ఎస్సెమ్మెస్ పంపి నెట్‌ను పూర్తిగా ఆపించవచ్చు.

## 7. గల్ఫ్‌లో ఉన్నవారికి, వారి ఇంటివారికి

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి వచ్చే ప్రశ్న ఇది. ఇక్కడ ఇద్దరి అవసరం తలకిందులుగా ఉంటుంది.

దుబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడే తల్లికి మాటల ప్యాక్ చాలదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పని చేయవు, అక్కడివారు అనుమతి ఉన్న వేరే యాప్‌లతో మాట్లాడతారు. ఇవతలి వైపు కూడా అదే యాప్, నెట్ ఉండాలి. వీడియో లేకుండా మాట్లాడితే చిన్న డేటా ప్యాక్‌తో గడుస్తుంది.

కొడుకు దగ్గరున్న మన దేశపు సిమ్‌కు కావలసింది బ్యాంకు ఓటీపీలు మాత్రమే. ఏడాది మాటల ప్యాక్ ఇలాంటివారికి అక్కరకొస్తుంది. విమానం ఎక్కేముందే ఇక్కడ చేయించాల్సినవి: అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించడం, ఆ ప్యాక్ మీద విదేశంలో ఎస్సెమ్మెస్ వస్తుందో, ఉచితమో కాదో కనుక్కోవడం, డేటా రోమింగ్ మీట ఆపడం. అక్కడికి వెళ్లాక ఇవన్నీ చేయించడం తలనొప్పి.

## 8. రీఛార్జ్ చేసే క్రమం

1. కంపెనీ సొంత యాప్‌లో లేదా వెబ్‌సైటులో చేయండి. కొన్ని చెల్లింపు యాప్‌లు ఒకటి రెండు రూపాయలు రుసుముగా కలుపుతాయి.
2. నంబరు చివరి నాలుగంకెలు గట్టిగా చదివి సరిచూడండి. వేరేవారి నంబరుకు వెళ్లిన డబ్బు తిరిగి రావడం కష్టం.
3. ప్యాక్ వివరాల్లో గడువు, డేటా రోజుకా మొత్తానికా అన్నది చూడండి. సినిమాల యాప్ పేరు చూసి తొందరపడకండి.
4. కొత్త నెట్‌వర్క్ అయితే మొదట 28 రోజులే వేయండి. నచ్చాకే ఏడాది ప్యాక్.
5. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద రాయండి. ఆటో చెల్లింపు పెట్టుకుంటే ప్యాక్ ధర మారినప్పుడు చూసుకోవడం మరవకండి.

## 9. కంపెనీ మారాలంటే

నంబరు మారకుండా మారవచ్చు. వరస తప్పితే రోజులు వృథా అవుతాయి.

1. ఇప్పటి కంపెనీలో 90 రోజులు నిండాలి. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. సిమ్ కొత్తగా మార్పించుకుని ఏడు రోజులు కాకపోయినా కంపెనీ మారడానికి కావలసిన కోడ్ రాదు.
2. మిగిలిన ప్లాన్, టాక్‌టైమ్ పోతాయి. గడువుకు ఐదారు రోజుల ముందు మొదలుపెట్టండి.
3. ఇంగ్లిషులో పోర్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు వేసి 1900కు ఎస్సెమ్మెస్ పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది, కనుక దుకాణానికి వెళ్లే రోజే పంపండి.
4. సిమ్ ఎవరి పేరు మీద ఉందో వారే ఆధార్‌తో వెళ్లాలి. తాతగారి పేరు మీదున్న సిమ్‌కు మనవడు వెళితే పని కాదు.
5. పని మూడు పనిదినాల్లో పూర్తవుతుంది. పాత సిమ్‌లో సిగ్నల్ పోయాక కొత్తది వేయండి. ఆ రోజు బ్యాంకు పని ఏదీ పెట్టుకోకండి. యూపీఐ మళ్లీ నమోదు చేయాలి.

వరంగల్ నుంచి విజయవాడకు ఉద్యోగం మారినంత మాత్రాన సిమ్ మార్చనక్కర లేదు. మొబైల్ లెక్కల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ ఇప్పటికీ ఒకే సర్కిల్.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

"ఖాతాలో ఇరవై రూపాయలుంటే సిమ్ ఎప్పటికీ పని చేస్తుంది." ఫోన్లలో తిరిగే ఈ సందేశం సగమే నిజం. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు అసలు వాడకపోతే రద్దు చేయవచ్చు. ఖాతాలో రూ.20 ఉంటే ఆ మొత్తం తీసుకుని మరో 30 రోజులు నంబరును ఉంచుతారు. అది నంబరు పోకుండా కాపాడే నిబంధన. ప్యాక్ లేకుండా కాల్స్ వస్తాయని, ఓటీపీలు వస్తాయని దాని అర్థం కాదు.

బ్యాంకు నంబరును చావనివ్వడం. రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు. మీ ఓటీపీలు వారికి వెళతాయి. సిమ్ వదిలేయాలనుకుంటే ముందు బ్యాంకులో, ఆధార్‌లో నంబరు మార్చి, ఆ తర్వాతే వదలండి.

టాక్‌టైమ్‌తో సరిపెట్టుకోవాలనుకోవడం. పది రూపాయలు వేస్తే చేతికొచ్చేది రూ.7.47. అదీ గడువున్న ప్యాక్ పైనే అక్కరకొస్తుంది.

రెండు సిమ్‌లలోనూ నెట్ వేయడం. బ్యాంకు నంబరుకు మాటల ప్యాక్, సిగ్నల్ బాగున్న రెండోదానికి నెట్. ఫోను సెట్టింగ్స్‌లో డేటాకు రెండో సిమ్‌ను ఎంచుకుంటే సరి.

అడగని సేవకు డబ్బు కోత పడితే, వేసిన ప్యాక్ అందకపోతే 198కి ఉచితంగా ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు విభాగం ఉంటుంది, 30 రోజుల్లో వెళ్లాలి, రుసుము లేదు. ఆ సంఖ్య లేకపోతే అప్పీలు ముందుకు కదలదు కాబట్టి, దాన్ని మొదట తీసిన కాగితం మీదే ఆ సిమ్ వరసలో రాసి ఉంచండి.